ఆడామగా కాదు, రెండు జాతులు

నా చిన్నతనంలో నేను మనస్ఫూర్తిగా ఏవగించుకున్న మనిషి మా సైన్స్ సారు. బూర్గంపాడు అవతల, అడవి అంచున ఉన్న మా ఊళ్లో బస్సు దిగుతూనే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునేవాడు. పుస్తకంలో ఉన్నది చదివి వినిపించడం తప్ప ఆయనకు మరో విద్య రాదు. అదీ తప్పుల్తోనే.

ఒక ఏడాది బడికి పగడపు దిబ్బల్లో తిరిగే సముద్రపు చేపల చార్టు వచ్చింది. అందులో రెండు చేపలు ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. తెలుపు, నలుపు, పసుపు పట్టీలు, వీపు మీద కొరడాలా సాగిన తెల్లటి రెక్క. "ఒకటి మగది, ఇంకోటి ఆడది. రాసుకోండి" అన్నాడు సారు. రాసుకున్నాం.

మధ్యాహ్న భోజనం వండే మా పెద్దమ్మ అప్పుడే ఏదో అడగడానికి గుమ్మంలోకి వచ్చింది. పొద్దున్నే గోదావరి చేపలు అమ్మి, ఆ తర్వాత బడికి వచ్చేది. చార్టు వంక కాసేపు చూసి, "సారూ, గవి ఆడామగా కాదు. రెండు జాతులు" అంది.

"ఎన్నడన్న సముద్రం చూసినవా?" అన్నాడు సారు.

"లేదు సారూ, చేపల్ని చూసిన. దీని తోక నలుపు, దాని తోక పసుపు. దీని మూతి పొడుగ్గ సాగింది, మీద పసుపు మచ్చ. దాని మూతి పొట్టిది. ఆడదైతే మూతి మారుతదా?"

"పో, పోయి పప్పు చూసుకో" అని ఆయన నవ్వాడు. తరగతంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను, చేపల వాసన కొట్టే ఆ మనిషి నాకేమీ కాదన్నట్టు.

బడి వదిలాక చార్టు చుట్టిపెట్టే పని నాది. వెనకవైపు చిన్న అక్షరాల్లో పేర్లున్నాయి. ఒకటి మూరిష్ ఐడల్, రెండోది బ్యానర్‌ఫిష్. మర్నాడు అందరి ముందూ చదివాను. సారు చార్టు కేసి ఒక్కసారి చూసి, "ప్రింటింగ్ తప్పు" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! పరీక్షలో నేను రెండు జాతులని రాస్తే సున్నా చుట్టి, పక్కన 'వంటమనిషి సైన్స్' అని రాశాడు.

ఆ కాగితం పెద్దమ్మకు చూపించి ఏడ్చాను. ఆ రోజు నవ్విన సంగతి కూడా చెప్పాను.

"ఇన్న బిడ్డా. నీ గొంతు నాకు తెల్వదా" అంది. గంపలోంచి రెండు చేపలు తీసి నా ముందు పెట్టింది. "రంగు నమ్మకు, చచ్చినంక రంగు పోతది. మూతి చూడు, తోక చూడు."

ఇప్పుడు నేనూ సైన్స్ చెబుతున్నాను. తెలియదనే మాట నోట రాని పంతుళ్లను చూస్తే నాకు ఈనాటికీ రోతే. నాకు రానిది పిల్లలు అడిగితే, "నాకు తెలియదు, తెలిసినవాళ్లను అడుగుదాం పదండి" అంటాను. అలా అన్న ప్రతిసారీ వాళ్లు నా దగ్గరికి ఇంకాస్త జరిగి కూర్చుంటారు.