గోచీ బిగించి గుర్రమెక్కిన రోజులు

కాలేజీ అని మాకు చదువు చెప్పే తెల్ల దొరసాని అనేది కాబట్టి మేమూ అలాగే అనేవాళ్లం. నిజానికి అది లంబాసా ఊరికి అవతల, గుట్ట మీద, రేకుల కప్పు వేసిన ఒక చెక్క ఇల్లు. ముందు వరండాలో పాఠాలు, వెనక గదిలో వరసగా చాపలు, ఇంకా వెనక వంటపాక. ఆడపిల్లలం పదిమందికి లోపే. అందరం గిర్మిట్ మీద, అంటే కొన్నేళ్లు కూలి చేస్తామన్న ఒప్పందం మీద, ఫిజీ వచ్చిన కూలీల కూతుళ్లమే. చదువు పూర్తయితే టీచరమ్మలవుతామని దొరసాని చెప్పింది. టీచరమ్మ ఎలా ఉంటుందో మాకేం తెలుసు? ఆమెను తప్ప మేం ఇంకొక టీచరమ్మను చూసి ఉంటే కదా.

నేను ఓడ దిగేనాటికి పదేళ్ల పిల్లను. విశాఖపట్నం వైపు నుంచి అమ్మా నాన్నా నన్ను తీసుకుని వచ్చారు. వచ్చిన కొన్నాళ్లకే నాన్న జబ్బుచేసి పోయాడు. అమ్మ గిర్మిట్ ఇంకా మిగిలే ఉంది. కూలీల లైన్లలో, పల్చటి చెక్కగోడల మధ్య, ఎదుగుతున్న ఆడపిల్లను పెట్టుకుని పొద్దుటే పొలానికి పోవడం అంటే అమ్మకు గుండెల్లో రాయి పడేది. దొరసాని ఆదివారాలు లైన్లకు వచ్చి పిల్లలకు అక్షరాలు చెప్పేది. ఒక ఆదివారం అమ్మ నా చెయ్యి పట్టుకెళ్లి ఆమె ముందు నిలబెట్టి, వచ్చీరాని హిందీలో, "లే జావ్, లే జావ్" అంది. తీసుకుపొమ్మని. అలా నేను గుట్ట ఎక్కాను.

మొదటి వారమంతా ఏడ్చాను. రెండో వారం నుంచి ఏడవడానికి తీరిక లేదు. పొద్దున్నే గంట కొట్టగానే లేవాలి, వాగు నుంచి నీళ్లు మోయాలి, వరండా తుడవాలి, పద్యాలు ఒప్పజెప్పాలి. వంట వంతులవారీగా చేసుకునేవాళ్లం. నా వంతు వచ్చిన రోజు అన్నం, చారు. నా పక్క చాప పిల్లది వునిమోలి ఊరు. వాళ్లింట్లో హిందీ మాట్లాడేవాళ్లు. ఆమె వంతు రోజు రొట్టెలు. నా చారు నోట పెట్టుకోగానే "ఈ కా హై? పానీ హై?" ఇదేంటి, నీళ్లా అని మొహం చిట్లించేది. ఆమె రొట్టెను నేను పలక మీద కొట్టి చప్పుడు చేసి చూపించేదాన్ని. రోజూ ఇదే గొడవ. అయినా తిండి దగ్గరి కొట్లాట ఎంతోసేపు ఉండేది కాదు, రాత్రి పక్క చాపల మీద చేరి ఒకరి తల ఒకరు దువ్వుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఆమె దగ్గర నేను హిందీ నేర్చుకున్నాను, నా దగ్గర ఆమె తెలుగు తిట్లు నేర్చుకుంది.

అలా ఉండగా ఒక రోజు పాఠం మధ్యలో దొరసాని పుస్తకం మూసి, టాబియా అనే ఊళ్లో ఆడపిల్లల కోసం కొత్తగా బడి పెట్టబోతున్నామంది. అక్కడ గిర్మిట్ పూర్తయినవాళ్లు భూమి కౌలుకు తీసుకుని చెరకు వేసుకుంటున్నారు. బడి కావాలని వాళ్లే అడిగారట. ప్రతి శనివారం మనలో ఇద్దరు వెళ్లి చెప్పాలి అంది.

"అంత దూరం నడిచి ఎలా వెళ్తాం, మేమ్ సాబ్?" అని వునిమోలి పిల్ల అడిగింది.

"నడవక్కరలేదు. గుర్రం ఉంది," అంది దొరసాని.

మాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక వరండా ఎగిరిపోయిందంటే నమ్మండి. ఒకతె చప్పట్లు కొట్టింది, ఒకతె పలక జారవిడిచింది, ఇద్దరు ఒకరినొకరు కౌగిలించుకుని గెంతారు. నా పక్క చాపది మాత్రం స్తంభం పట్టుకుని, "హమ్ నై చఢేగా! గిర్ జాయేగా!" అని కేకలు పెట్టింది. తను ఎక్కదట, పడిపోతుందట. ఎక్కమని ఎవరూ ఇంకా అడగనే లేదు.

ఆ సాయంత్రమే దొరసాని గుర్రాన్ని తెప్పించింది. పక్క ఊరి ఫిజీ పెద్దాయన ఒకాయన తోలుకొచ్చాడు. వయసు మళ్లిన ఆడగుర్రం, చింతపిక్క రంగు, కుంటి కాదు గానీ నడకలో ఏదో బద్ధకం. పెద్దాయన మమ్మల్ని చూసి "బులా!" అని పలకరించి, దాని మెడ మీద తట్టి, మొదట ఎవరు ఎక్కుతారన్నట్టు కళ్లెగరేశాడు. నా కాళ్లు వాటంతటవే ముందుకు పోయాయి.

ఎక్కడం తేలికే. పెద్దాయన చేతులు జోడించి మెట్టులా పట్టాడు, కాలు పెట్టి లేచాను. అవతలి వైపు నుంచి అంతే తేలిగ్గా బురదలో పడ్డాను. చీరే పాడు చేసింది. దొరసాని లాగా రెండు కాళ్లూ ఒకే పక్కకు వేసి కూర్చోబోయాను. ఆమెకు దానికి తగిన జీను ఉండేది, మాకేముంది? ఒక గోనెసంచి మడత. మూడో రోజు కూడా పడ్డాక, మోచేయి దోక్కుపోయి కూర్చున్నప్పుడు, అమ్మ పొలంలో చీర ఎలా కడుతుందో గుర్తొచ్చింది. లోపలికెళ్లి చీర విప్పి, కుచ్చెళ్లు కాళ్ల మధ్య నుంచి వెనక్కి లాగి, గోచీ పోసి గట్టిగా బిగించి వచ్చాను. ఈసారి రెండు వైపులా కాళ్లు వేసి కూర్చున్నాను. దొరసాని నోరు తెరిచింది, మళ్లీ మూసింది. గుర్రం నడిచింది. నేను పడలేదు!

ఆ పైన అందరికీ గోచీలే. సాయంత్రం పాఠాలవగానే పెరట్లో జాతర. నేను పట్టుపట్టి నా పక్కదాన్ని నా వెనక కూర్చోబెట్టుకున్నాను. నా నడుం వాటేసుకుని కళ్లు మూసుకుని దేవుళ్లందరినీ పిలిచింది. రెండు వారాలకు కళ్లు తెరిచింది. ఇంకొన్నాళ్లకు, "జల్దీ, జల్దీ!" అని నన్నే తొందరపెట్టేది. దొరసాని టాబియాకు మొదట మా ఇద్దరినే పంపుతానని చెప్పింది. ఆదివారాలు నన్ను చూడటానికి వచ్చే అమ్మకు చెబుదామంటే, ఆ మధ్య వానలకు ఆమె రాలేకపోయింది.

మొదటి శనివారం తెల్లవారుతూనే బయలుదేరాం. పలకలు, బలపాలు ఒక సంచీలో కట్టి గుర్రం మెడకు వేలాడదీశాం. మంచు ఇంకా విడలేదు. చెరకు లాగే చిన్న రైలు పట్టాల పక్కనే బాట. వాగుల మీద వంతెనలు లేవు. మొదటి వాగులో నీళ్లు గుర్రం పొట్టకు తగిలాయి. మేం కాళ్లు పైకి ముడుచుకుని అరిచిన అరుపులకు అవతలి ఒడ్డున కొంగలు లేచిపోయాయి. జామచెట్లు కనిపిస్తే కూర్చున్నచోటి నుంచే కాయలు కోసుకున్నాం. గుర్రం ఎత్తు నుంచి లోకం వేరుగా ఉంటుంది. అప్పటిదాకా చెరకు నాకు ఆకుపచ్చ గోడే. ఆ రోజు దాని తలల మీదుగా కొండల దాకా చూశాను. గొంతెత్తి ఏదో పాడాను కూడా.

మా అమ్మ ఉండే లైన్లు ఆ దారిలోనే. మలుపు తిరిగేసరికి తోటలో ఆడవాళ్లు వరసగా గడ్డి తవ్వుతున్నారు. గిట్టల చప్పుడు వినగానే అప్పటిదాకా వినిపిస్తున్న మాటలు తెగిపోయాయి. నడుములు ఇంకా వంగాయి, పారలు జోరందుకున్నాయి. ఒక్కరూ తల ఎత్తలేదు. లైన్లలో పెరిగినదాన్ని, నాకు వెంటనే తెలిసింది. ఆ బాటలో గుర్రం మీద వచ్చేవాడు పని చూసే తెల్లదొర, అతన్ని అందరూ కులంబర్ అనేవాళ్లు. ఇంకెవరూ గుర్రం మీద రాగా వాళ్లు చూడలేదు. వాళ్లు నన్ను చూసి భయపడుతున్నారు. నన్ను!

బాటకు దగ్గరి వరసలో మా అమ్మ ఉంది. ముసుగు మొహం మీదికి లాక్కుని, నా గుర్రం కాళ్ల దగ్గరే తవ్వుతోంది.

"అమ్మా!" అన్నాను.

తల ఎత్తలేదు.

"అమ్మా, నేనే. పైకి చూడు."

పార ఆగింది. అమ్మ మెల్లగా చూపు పైకెత్తింది. గుర్రం గిట్టలు, మోకాళ్లు, గోనెసంచి, నా బురద కాళ్లు, నా గోచీ, చివరకు నా మొహం. 

"ఓలమ్మ! ఏటే ఇది? నీకేటైనా బుర్ర సెడిందేటే? దిగు బేగి!"

"దిగితే మళ్లీ ఎక్కలేనే. ఎక్కించే మనిషి లేడిక్కడ. టాబియాలో పిల్లలకి చదువు చెప్పడానికి పోతున్నాం."

ఆ మాట వరస వెంట పాకింది. పారలు పడేసి ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చారు. "గుంట గుర్రమెక్కినాదే!" అని తెలుగులో ఒకరు, హిందీలో ఒకరు, ఇంకేవో భాషల్లో ఇంకొందరు. ఒక ముసలామె నా పాదం పట్టుకుని నిమిరి, మెటికలు విరిచింది. ఒకామె గుర్రం మూతి ముట్టుకుని, అది బుస్సుమనగానే వెనక్కి గెంతి పడీపడీ నవ్వింది. కూలీల మీద మేస్త్రీ, సర్దారు, దూరం నుంచి అరుస్తూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు.

అంతలో నిజంగానే ఇంకో గుర్రం చప్పుడు. క్షణంలో బాట ఖాళీ. అందరూ వరసల్లోకి పోయి వంగారు. అమ్మ కూడా. వెనక నుంచి నా పక్కది నా నడుం గట్టిగా గిల్లింది. ఎదురుగా కులంబర్ వస్తున్నాడు, పెద్ద నల్లగుర్రం మీద. బాట ఇరుకు. ఒక వైపు పట్టాలు, ఒక వైపు కాలువ. ఎవరో ఒకరు తప్పుకోవాలి. తప్పించడం నాకు ఇంకా చేతకాదు. నా గుర్రానికి నిలబడటం, నడవడం రెండే వచ్చు.

అతను ఆగి, "తుమ్ కౌన్?" అన్నాడు.

హిందీలో చెబుదామనే నోరు తెరిచాను. కానీ భయంలో వచ్చింది, పొద్దుటి పాఠంలో రోజూ వల్లెవేసిన ఇంగ్లీషు. "గుడ్ మార్నింగ్ సర్! ఐ యామ్ ఎ టీచర్!" అని వరండాలో అరిచినట్టే గట్టిగా అరిచాను. నా వెనకది ఊరుకుంటుందా, "గుడ్ మార్నింగ్ సర్!" అని తనూ అరిచింది.

అతను నన్ను చూశాడు, నా వెనక్కి వంగి ఆమెను చూశాడు, పలకల సంచీ చూశాడు. మీసం కింద పెదవి కదిలింది గానీ నవ్వో కోపమో తెలియలేదు. కళ్లెం లాగి గుర్రాన్ని పట్టాల అవతలికి తీశాడు. మేం దాటిపోయాం. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. చెరకులోంచి ఎవరో ఆపుకోలేక కిసుక్కుమన్న చప్పుడు మాత్రం వినిపించింది. మలుపు దాటాక మేమిద్దరం కన్నీళ్లు వచ్చేదాకా నవ్వాం. 

టాబియాలో ఒక రైతు ఇంటి వసారా మా బడి. ఐదారుగురు పిల్లలు వస్తారేమో అనుకున్నాం. వసారా నిండి, పిల్లలు మెట్ల మీదా, వాకిట్లోనూ కూర్చున్నారు. చంటిపిల్లలతో తల్లులు కూడా వచ్చి గోడవారగా నిలబడ్డారు. పలకలు చాలలేదు. ముగ్గురికి ఒకటి ఇచ్చాం. మిగతావాళ్ల చేత మట్టిలో వేలితో రాయించాం. నేను నల్లటి పలక మీద మొదటి అక్షరం రాసి పైకెత్తి చూపిస్తుండగా, ముందు వరసలో ఒక బుడత, "టీచరమ్మా, కనపడట్లేదు" అంది తెలుగులో. దొరసాని వచ్చిందేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను. నా పక్కది మోచేత్తో పొడిచింది. "తుమ్హీ కో బోలే హై," అంది. నన్నే పిలుస్తోందని.

ఆ పిలుపు విన్నాక ఆ రోజంతా ఏం చెప్పానో నాకు గుర్తులేదు. గొంతు బొంగురుపోయేదాకా చెప్పానని మాత్రం తెలుసు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నానికి అమ్మ గుట్ట ఎక్కి వస్తూ కనిపించింది. వీపు తడిసిపోయి ఉంది, మొహం గంభీరంగా ఉంది. చదువు మాన్పించి తీసుకుపోతుందేమో అనుకున్నాను. వంటపాక ముందు కూర్చోబెట్టి నీళ్లిచ్చాను.

"నిన్న కులంబర్ ఏమైనా అన్నాడా అమ్మా?"

"సర్దారుని తిట్నాడు. మమ్మల్నేటీ అన్లేదు." నీళ్లు తాగి చెంబు పక్కన పెట్టింది. "పడిపోనావా ఎప్పుడైనా?"

"చాలాసార్లు."

మోచేతి మచ్చ తిప్పి చూసింది. ఇక తిడుతుందనుకున్నాను. కానీ తల పక్కకు తిప్పి, పెరట్లో మేస్తున్న గుర్రాన్ని చూస్తూ, "కరుత్తాదేటే?" అంది.

"కరవదే."

"మరైతే నన్నోసారి ఎక్కించు."

 అమ్మ అప్పటికే లేచి గోచీ సవరించుకుంటోంది. నేను కేకేశాను. అందరూ పరిగెత్తుకొచ్చారు. నా పక్కది చేతులు జోడించి మెట్టు పట్టింది, ఇద్దరు పక్కల నిలబడ్డారు, నేను కళ్లెం పట్టుకున్నాను. అమ్మ ఒక్క ఊపులో పైకి వెళ్లింది, మాలో ఎవరూ మొదటిసారి అంత బాగా ఎక్కలేదు. గుర్రం అడుగు వేయగానే "ఓలమ్మ, ఓలమ్మ!" అని దాని జూలు రెండు చేతులా పట్టుకుంది. పెరడు చుట్టూ తిప్పాను. రెండో చుట్టులో ముసుగు జారిపోయింది. సర్దుకోలేదు. అమ్మ అలా గొంతు విప్పి నవ్వడం నాన్న పోయిన తర్వాత నేను చూడలేదు. దొరసాని వరండాలో నిలబడి చప్పట్లు కొడుతోంది.

దిగాక అమ్మ గట్టు మీద కూలబడి ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ మధ్యాహ్నం మాతో పాటే భోంచేసింది. వునిమోలి పిల్ల వంతు కావడంతో రొట్టెలు. అమ్మ రెండు తిని, బాగున్నాయని మూడోది అడిగింది. నా పక్కది గెలిచినట్టు నా వైపు చూసింది.

టాబియా బడి నేను మరి కొన్నేళ్లు నడిపాను.