ఆడవాళ్ళ గేటు

మా పిన్ని బందరులో ఒక సినిమా హాల్లో ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చింపేది. అమ్మకి సొంత చెల్లెలు. పెళ్ళయ్యాక నాగాయలంక దగ్గర ఒక పల్లెకి కాపురానికి వెళ్ళింది. పిల్లలు పుట్టకముందే భర్త కామెర్లతో పోయాడు. అత్తింటివాళ్ళు ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. ఆ రెండూ అననిచోట మనిషి ఎంతకాలమని ఉంటుంది? ట్రంకుపెట్టె పట్టుకుని బస్సెక్కి మా ఇంటికి వచ్చేసింది. అప్పటికి నేనింకా పుట్టలేదు.

ఆ రోజుల్లో కొత్త సినిమా వస్తే ఆడవాళ్ళ క్యూలోకి మగవాళ్ళు జొరబడేవాళ్ళట. రోజూ తగాదాలే. గుమ్మంలో ఒక ఆడమనిషి ఉంటే నయమని హాలు మేనేజరు అనుకున్నాడు. ఆయన నాన్నకి తెలిసినవాడు కావడంతో పిన్నికి ఆ పని దొరికింది. అమ్మమ్మ అన్నం మానేసి పడుకుందట, మొగుడు పోయినది వెళ్ళి సినిమా హాలు గుమ్మంలో నిలబడుతుందా అని. పిన్ని వెళ్ళి నిలబడింది. ముప్పై ఏళ్ళకి పైగా అక్కడే నిలబడింది.

నా చిన్నతనమంతా పిన్ని చాటున చూసిన సినిమాలే. అయితే నాకు సినిమాల కంటే బాగా గుర్తున్నది ఇంటర్వెల్ అయిపోయాక హాలు బయట ఉండే వరండా. బెల్లు కొట్టగానే జనమంతా లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు. నేలంతా పల్లీల తొక్కలూ, నూనె కాగితాలూ. లోపలి పాటలు గోడలోంచి గుడ్డలో మూటకట్టినట్టు వినిపించేవి. అప్పుడు క్యాంటీన్ ఆయన రెండు గ్లాసుల్లో టీ పోసి ఒకటి తను తీసుకుని, ఒకటి కౌంటరు చివర పెట్టేవాడు. పిన్ని తన స్టూలు అటు జరుపుకుని ఆ గ్లాసు తీసుకునేది.

ఆయన సాయిబు. సమోసాలు స్వయంగా చేసేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కాలో ఉండేవాడు. ఊళ్ళో అందరికీ ఆయన భాయ్. మా వైపు దారినపోయే వాళ్ళని కూడా బావా, మావయ్యా, అక్కా అని పిలవకుండా నోరు ఊరుకోదు కదా. వీళ్ళిద్దరూ మాత్రం ఒకళ్ళనొకళ్ళు ఏ వరసా పెట్టి పిలుచుకోగా నేను వినలేదు. "ఇదిగోండి" అనేవాడు ఆయన. "అక్కడ పెట్టండి" అనేది పిన్ని. మాట్లాడుకునేది ఏమిటంటే ఉల్లిపాయలు ప్రియమైపోవడం, ఆయన కూతురి పెళ్ళి, పిన్ని మోకాళ్ళు, పెడనలో ఎవరో అద్దకం పని మానేసి హైదరాబాదు వెళ్ళిపోవడం. ఇలాంటివే. ఒక్కోసారి ఏమీ మాట్లాడుకునేవాళ్ళు కాదు. సినిమా ఆఖరి ఫైటు మొదలయ్యాక పిన్ని లేచి వెళ్ళి గేటు గడియ తీసేది.

ఒకసారి నేను ఇంటికొచ్చి, క్యాంటీన్ ఆయన ఇవాళ పిన్నిని నవ్వించాడని అమ్మతో చెప్పాను. రాత్రి భోజనాల దగ్గర అమ్మ, "హాలు మాటలు హాల్లోనే ఉండాలి" అంది, ఎవరి వైపూ చూడకుండా. పిన్ని "ఉంటాయిలే అక్కా" అంది. అలాగే ఉన్నాయి కూడా. ఆయన ఇల్లు ఎక్కడో పిన్నికి తెలియదు. ఆయన మా గుమ్మం ఎన్నడూ తొక్కలేదు.

కరోనాకి హాలు మూతపడింది. మళ్ళీ తెరిచారు గానీ ఆ తర్వాత వచ్చిన జనం వేళ్ళ మీద లెక్కపెట్టేటంత. ఆడవాళ్ళ క్యూ అసలు లేనేలేదు. వచ్చే నలుగురు కుర్రాళ్ళు ఫోనులో టిక్కెట్టు చూపించి మెయిన్ గేటులోంచే వెళ్ళిపోయేవాళ్ళు. పిన్ని మాత్రం తన గేటు తీసి, స్టూలు వేసుకుని కూర్చునేది. ఈలోగా పోర్టు పనులు మొదలయ్యాయి. బందరులో స్థలాలు కొనేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో రావడం మొదలుపెట్టారు. హాలు పాత యజమాని పోయాడు. కొడుకులకి సినిమాల మీద మోజు లేదు.

ఒక మ్యాట్నీ అయ్యాక చిన్నకొడుకు వచ్చి పనివాళ్ళని వరండాలో నిలబెట్టి చెప్పాడు. పిన్ని ఆ సాయంత్రం మాకు చెప్పింది, ఎవరి మాట వాళ్ళ గొంతుతో. హాలు తీసేసి కాంప్లెక్స్ కడుతున్నారట, కింద షాపులు, మధ్యలో ఫంక్షన్ హాలు, పైన చిన్న చిన్న స్క్రీన్లు.

"క్యాంటీన్ ఉంటుందాండీ?" అని అడిగాడట ఆయన.

"అదంతా కంపెనీవాళ్ళే చూసుకుంటారు భాయ్. పాప్‌కార్న్, కూల్‌డ్రింకులు. మన చేతిలో ఉండదు."

అందరూ సర్దుకుని వెళ్ళిపోతుంటే ఆయన పిన్ని గేటు దాకా వచ్చి, "మంగినపూడి బీచ్‌లో బండి పెట్టుకుందామనుకుంటున్నానండీ, సమోసాలు" అన్నాడట. "మంచిదండీ" అందట పిన్ని. అన్నేళ్ళ తర్వాత విడిపోతూ వాళ్ళు అనుకున్నది అంతే.

ఇంట్లో పిన్నికి పొద్దుపోయేది కాదు. మ్యాట్నీ వేళకి చీర మార్చుకుని కూర్చునేది. ఎక్కడైనా హాల్లో పని దొరుకుతుందేమోనని నన్ను వెంటబెట్టుకుని గుడివాడ వెళ్ళింది. తను విన్న హాలు అక్కడ కల్యాణమండపం అయిపోయి ఉంది. తెర ఉండాల్సిన చోట పెళ్ళి వేదిక. బెజవాడ నుంచి తెచ్చిన ప్లాస్టిక్ పూలు కడుతున్నారు. అక్కడి మేనేజరు మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు. "ఆడవాళ్ళ గేటు అనేది ఇప్పుడు ఎక్కడుందండీ? అవనిగడ్డలో హాలు బియ్యం గోడౌను చేశారు. మీరు అనవసరంగా తిరక్కండి" అన్నాడు. పామిడిముక్కల వైపు ఎవరినో అడిగి చూస్తానని నేనంటే, తిరుగు బస్సులో పిన్ని చెయ్యి అడ్డంగా ఊపింది.

కార్తీకమాసం వచ్చింది. ఎన్నడూ లేనిది, "సముద్రస్నానం పుణ్యమటే, మంగినపూడి వెళ్దామా" అంది పిన్ని. నాకు అర్థమైంది. అమ్మకీ అర్థమై ఉంటుంది. ఒళ్ళో ఉన్న చిక్కుడుకాయలు తుంచుతూ, "వెళ్ళిరండి, జనంలో జాగ్రత్త" అంది.

ఆటో దిగి సరుగుడు చెట్లు దాటగానే బండి కనిపించింది. ఆయన మూకుడు ముందు నిలబడి ఉన్నాడు. పిన్ని ఆగిపోయింది. ఆయన్ని ఎండలో చూడటం అదే మొదటిసారని తర్వాత చెప్పింది. ఎప్పుడూ ఆ వరండా మసక వెలుతురులోనే చూసింది. ఆయన బాగా ముసలివాడయ్యాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. పిన్నిని చూసి ఆయన కూడా తడబడ్డాడు. పక్కబండి నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెచ్చి వేశాడు.

"స్నానానికొచ్చారా?"

"అవునండీ. మా అక్కగారి అమ్మాయి. చిన్నప్పుడు హాలుకొచ్చేది."

"గుర్తుందండీ. పెరిగిపోయింది."

చుట్టూ జనం, తడిబట్టలు, పిల్లల ఏడుపులు. ఇసక మీద గాలి. వాళ్ళకి మాట్లాడుకోవడం చేతనయినది గోడ అవతల సినిమా నడుస్తున్నప్పుడే. నేను నీళ్ళ వైపు నడిచాను. వెనక్కి వచ్చేసరికి ఉల్లిపాయల ధర గురించి మాట్లాడుకుంటున్నారు.

ఆ చలికాలం ఆదివారాల్లో చాలాసార్లు వెళ్ళాం. పిన్ని స్నానం మాట ఎత్తడం కూడా మానేసింది. కుర్చీ ఆయనే ముందుగా వేసి ఉంచేవాడు. ఎండలు ముదిరాక పిన్నికి మోకాళ్ళు వాచి కొన్నాళ్ళు వెళ్ళలేకపోయాం.

వానలు మొదలయ్యే ముందు వెళితే తీరం పొడవునా నీలం రేకులు పాతి ఉన్నాయి. లోపల పొక్లెయిను తిరుగుతోంది. బీచ్ బాగుచేస్తున్నారనీ, రిసార్టులు వస్తాయనీ, నడవడానికి టైల్సు దారి వేస్తారనీ అక్కడి వాచ్‌మన్ చెప్పాడు. బండ్లేవీ లేవు. పిల్లల్ని తిప్పే చెక్కగుర్రాల చక్రం ఉండేది, అది కూడా లేదు. రోడ్డు పక్క కొబ్బరిబోండాలమ్మే ఆవిడని పిన్ని అడిగింది.

"సమోసాల భాయా? ఒకరోజు పొద్దున్నే వచ్చి అందరి బండ్లూ తీసెయ్యమన్నారమ్మా. మేం కుయ్యో మొర్రో అంటే రెండ్రోజులు టైమిచ్చారు. ఆ గడువయ్యేదాకా భాయ్ మూకుడైనా దింపుకోలేదు. తియ్యని బండ్లన్నీ పట్టుకెళ్ళి అదిగో, ఆ కాలవగట్టున పడేశారు. ఆయన మళ్ళీ రాలేదు."

కాలవగట్టున విరిగిన చెక్కలు కుప్పగా ఉన్నాయి. ఏది ఎవరి బండో తెలిసేలా లేదు.

"ఆయన ఫోను నంబరు లేదా పిన్నీ?" అన్నాను ఆటోలో.

"నా దగ్గరెందుకుంటుందే?"

"నేను కనుక్కోనా? ఇల్లు ఎవరికైనా తెలిసే ఉంటుంది."

"ఏమని అడుగుతావు?" అంది పిన్ని.

మరుసటి ఏడు హాలు పడగొట్టడం మొదలుపెట్టారు. అటు వెళ్ళే రోడ్డంతా దుమ్ము. నేను పాఠాలు చెప్పే స్కూలు నుంచి వస్తూ చూసి చెబితే, పిన్ని తీసుకెళ్ళమంది. మేం వెళ్ళేసరికి పైకప్పు పోయింది. బాల్కనీ సగం విరిగి వేలాడుతోంది. తెర ఉన్న గోడ మాత్రం నిలబడి ఉంది. దాని మీద ఎండ పడుతోంది. ఆడవాళ్ళ గేటు ఉన్న వైపు ఇటుకల గుట్ట.

పాత ఇనుము కొనేవాడితో ఒకతను బేరమాడుతున్నాడు. క్యాంటీన్ ఇనప కౌంటరు బయటికి ఈడ్చి పెట్టారు. అతని పొడుగు, ఆ మడిచిన చొక్కా చేతులు చూసి పిన్ని దగ్గరికి వెళ్ళింది.

"భాయ్ గారి అబ్బాయివా?"

"అవునండీ."

"నాన్నగారు బావున్నారా?"

అతను బేరం ఆపి ఇటు తిరిగాడు. "లేరండీ. రంజాన్‌కి ముందే పోయారు."

పిన్ని కౌంటరు మీద చెయ్యి వేసింది. "ఏమైంది బాబూ?"

"షుగరుండేది. బండి పోయాక ఇంట్లోనే కూర్చునేవారు. కాలికి పుండు లేచింది, ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి మోకాలి కిందకి తీసెయ్యాలన్నారు. తీసేశారు. అయినా దక్కలేదు." కౌంటరు మీద పిన్ని చెయ్యి చూసి అడిగాడు, "మీరెవరండీ?"

"హాల్లో పనిచేసేదాన్ని."

"అయితే నాన్న బాగా తెలిసుంటారు."

"తెలుసు" అంది పిన్ని.

వాళ్ళ ఇంటి గుర్తులు అతనే చెప్పాడు. మర్నాడు వెళ్ళాం. మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరం. అన్నేళ్ళూ ఆయన మా వీధి చివర నుంచే సైకిలు మీద హాలుకి వెళ్ళేవాడని అక్కడ తెలిసింది. ఆయన భార్య చాప వేసి కూర్చోబెట్టింది. బక్కపలచని మనిషి. కోడలు టీ తెచ్చింది. పిన్ని గ్లాసు పట్టుకుని కూర్చుంది గానీ తాగలేదు.

"మీరు లేడీస్ గేటు దగ్గర ఉండేవారు కదూ" అంది ఆవిడ. "ఒకసారి చూశానమ్మా, పండక్కి పిల్లల్ని తీసుకుని వచ్చినప్పుడు. మాకు టిక్కెట్టు అడగలేదు మీరు."

పిన్ని తలూపింది.

ఆవిడ కాసేపు కాలు సంగతి, ఆస్పత్రి సంగతి చెప్పింది. గొంతులో కోపం లేదు. చాలాసార్లు చెప్పి చెప్పి అరిగిపోయిన మాటల్లా ఉన్నాయి. "ఆఖర్న వార్డులో తలుపు దగ్గరి మంచం ఇచ్చారు. ఎవరి అడుగుల చప్పుడైనా అటే చూసేవారు. ఎవరొస్తారండీ అంటే, హాలు వాళ్ళెవరైనా వస్తారేమో అనేవారు. అన్నేళ్ళు చేశారు కదమ్మా. ఒక్కరూ రాలేదు."

నేను పిన్ని మొహం చూడలేకపోయాను. "తెలీదమ్మా. తెలిస్తే వచ్చేదాన్ని" అంది పిన్ని. ఆవిడ పిన్ని చెయ్యి పట్టుకుని, "మీకెలా తెలుస్తుందిలెండి. మిమ్మల్ననడం కాదు" అంది. గుమ్మం దాకా వచ్చి మళ్ళీ రమ్మంది.

తిరిగి వచ్చేటప్పుడు మా వీధి మలుపు తిరిగాక పిన్ని ఆగి, నన్ను అడిగింది. "తెలిసినా వెళ్ళేదాన్నంటావా?"

ఆస్పత్రి వార్డులో, ఆ భార్యాపిల్లల మధ్య, పిన్ని వెళ్ళి నిలబడటం ఊహించుకోవడానికి ప్రయత్నించాను. ఏమని వెళ్ళేది? ఎవరినని చెప్పేది? పిన్ని అప్పటికే ముందుకి నడిచింది.

ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళలేదు. రెండుమూడు సార్లు నేనే గుర్తుచేశాను. "వెళ్దాంలే" అనేది. తర్వాత నేనూ మానేశాను.

కాంప్లెక్స్ పూర్తయింది. ఊడ్చి తుడిచే పనికి పాతవాళ్ళెవరైనా ఉంటే రమ్మని కబురు వచ్చింది గానీ, వయసు అడిగి వద్దన్నారు. పిన్ని దానికేమీ బాధపడినట్టు కనిపించలేదు. మా అమ్మాయి గోలపెడితే ఒకసారి నేను ఆ కొత్త హాల్లో సినిమాకి వెళ్ళాను. ఏసీ చల్లగా ఉంది, సీట్లు మెత్తగా ఉన్నాయి. ఇంటర్వెల్‌లో అందరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఇంటికి వచ్చేసరికి పిన్ని వంటింట్లో పెసరపప్పు ఏరుతోంది. ఎలా ఉందని అడుగుతుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. అడగలేదు. "కాళ్ళు కడుక్కుని రా, అన్నం పెడతాను" అంది.