దొంగకిమ్మన్న గొంతు

ఆ మెయిలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నేను వీడియో గేములకు కథ, మాటలు రాస్తాను. హిందీ మాట్లాడే ఉక్కు ఊరు ఆదిత్యపూర్‌లో ఒక లేతు మిషన్ల షెడ్డు మీద రెండు గదుల్లో మా స్టూడియో. క్రియేటివ్ డైరెక్టర్ అన్న పెద్ద పేరు కూడా నాదే. ఉక్కు కార్ఖానాలో ప్రమాదం జరుగుతుంది, ఫోర్‌మన్ కేకలు వింటూ దారి కనుక్కుని కూలీలను బయటికి తేవాలి. అదీ మా తెలుగు ఆట. ఆ ఫోర్‌మన్‌కు గొంతు మా నాన్నది. ఉక్కు మిల్లు రొదలో అరిచి అరిచి రిటైరైన మనిషి. మా శ్రీకాకుళం వైపు తెలుగు తప్ప ఇంకో తెలుగు ఎరగడు. "సైరను కొట్టీసింది! సూత్తారేటి, బయటికి రండెహె!" అని ఆయన మైకు ముందు కేకేస్తే, కింద షెడ్డులో వాళ్ళు పని ఆపి పైకి చూశారు.

గేము విడుదల చేసే బెంగళూరు కంపెనీ నుంచి మెయిలొచ్చింది. ఫోర్‌మన్ మాట్లాడితే నవ్వొస్తోందట. దారి చూపించేవాడు శుభ్రమైన తెలుగు మాట్లాడాలట. ఈ గొంతు మాత్రం భలే ఉంది, రాగి తీగలు ఎత్తుకుపోయే దొంగకు పెట్టండి అని రాశారు.

శుభ్రమైన తెలుగట! మాదేమన్నా బురదలో దొర్లిందా? ప్రాణాలు కాపాడేవాడికి మా యాస పనికిరాదు, దొంగకైతే భలే ఉంటుంది! సినిమాలు చూసి చూసి మరిగారు. మా మాట వినపడితే చాలు, ముందే పళ్ళికిలిస్తారు.

నోరు మూసుకోవాల్సింది. కోపంలో నాన్న దగ్గర కక్కేశాను. "సూడు కాదట, చూడు అనాలట. సెప్పు కాదట, చెప్పు అనాలట" అని వాళ్ళను వెక్కిరించాను. ఆయన వెక్కిరింత పట్టించుకోలేదు. "అంతే కదేటమ్మా, మళ్ళీ సెప్పీసుకుందుం" అన్నారు. ఆదివారమంతా బిర్సానగర్‌లోని మా ఇంట్లో గొణుక్కుంటూ తిరిగారు. సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి మైకు ముందు నిలబడి, ఒక్కో అక్షరం పట్టిపట్టి పలికారు.

"చైరను కొట్టేచింది. చూడకండి. దయచేచి బయటికి రండి."

రికార్డింగు చేస్తున్న అమ్మాయి తల దించుకుంది. నవ్వాపుకోవడానికేనని నాకు తెలుసు.

"బాగుందేటమ్మా?" అన్నారు నాన్న.

"అచ్ఛా హై, నాన్నా" అన్నాను. ఆయన తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే అలవాటు నాకు చిన్నప్పటిది.

ఆయన్ని ఆటో ఎక్కించి కంపెనీకి ఫోను చేశాను. ఆయన మొదట అరిచిన కేకే ఉండాలన్నాను. కుదరదు, దొంగకైతే సరే అన్నారు. "చస్తే ఇవ్వను" అన్నాను. నాన్న గొంతున్న ఫైళ్ళన్నీ నా చేత్తోనే ఆటలోంచి తీసిపారేశాను. ఫోర్‌మన్‌కు హైదరాబాదాయన ఎవరో శుభ్రంగా మాట్లాడిపోయాడు. దొంగకు ఇంకెవరో మా యాసను వెక్కిరించిపోయాడు. ఇదంతా నాన్నకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

విడుదలైన రోజు ఆయన పాత షిఫ్టు వాళ్ళను నలుగురిని ఇంటికి పిలిచారు, తన గొంతు వినిపిద్దామని. నేనూ అక్కడే ఉన్నాను. అందరూ చివరిదాకా కూర్చుని విన్నారు. టీ తాగి వెళ్ళిపోయారు.

"దొంగోడిదీ నా గొంతు కాదేటి?" అన్నారు నాన్న.

జరిగింది చెప్పాను. పౌరుషంగానే చెప్పాను, మెచ్చుకుంటారనుకున్నాను.

"నీ రోసానికి నన్ను తీసీసినావేటే?" అన్నారు ఆయన. "దొంగోడైతే ఏటి? ఆటలో నానుండీవోడ్ని కదే!"