బొట్టు పెట్టిన ఫ్లాపీ

తొంభైలలో హిందూపురంలో నేను చేరిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలన్నీ ఒకే ఒక్క ఫ్లాపీలో ఉండేవి. దానికి నకలు తీయాలంటే డిస్క్‌కాపీ అని టైపు చేయాలి. ముందు అసలు ఫ్లాపీ, తరువాత ఖాళీది పెట్టమని తెర మీద అడుగుతుంది. రెండూ తారుమారైతే అసలుదాంట్లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఫ్లాపీ మూలనున్న చిన్న మీట జరిపి ఉంచితే ఆ భయమే లేదని నేను పుస్తకంలో చదివి మా సార్‌కు చెప్పాను.

"నువ్వు పెనుకొండ నుంచి నేర్చుకోను వస్తాండావా, నాకు నేర్పను వస్తాండావా?" అన్నాడాయన. మీట ముట్టుకోకుండా, అసలు ఫ్లాపీకి గుర్తుగా కుంకుమ బొట్టు పెట్టాడు.

ఆయుధపూజ వచ్చింది. సార్ వాళ్లమ్మ వచ్చి మానిటర్‌కు, కీబోర్డుకు, పెట్టెలోని ప్రతి ఫ్లాపీకీ భక్తిగా బొట్లు పెట్టింది.

పండగ అయ్యాక సార్ పెట్టె తెరిచి, "బొట్టుండేది యాడప్పా?" అన్నాడు.

"అన్నిటికీ ఉండాది సార్. ఒక్కొక్కటీ వేసి లోపలేముండాదో చూద్దాం."

"అమ్మ పూజ చేసినాక మళ్లా పరీక్షేందప్పా?"

పైనున్నది అసలుదని, దాని కిందిది ఖాళీదని తేల్చేసి కాపీ కొట్టాడు. డ్రైవ్ కాసేపు గరగరమని ఆగింది. తెరిచి చూస్తే రెండింటిలోనూ ఏమీ లేదు.

"రెండూ ఒకే మాదిరి వచ్చినాయి కదా, కాపీలో తప్పేముండాది?" అన్నాడు సార్.

పాఠాలు లేకుండానే కోర్సు ముగిసింది. చివరిరోజు మాకిచ్చిన సర్టిఫికెట్లన్నిటికీ, అసలువని గుర్తుగా, మూలన ఒక్కో కుంకుమ బొట్టు పెట్టాడు.