తేలుదొర కొలత

లక్ష్మణమ్మ చేతుల్లో అప్పటికే తేలు తోక ఉంది. లారీ ట్యూబు కోసి చేసిన తొమ్మిది కణుపులు. వాటిని చెప్పులు కుట్టే లావు దారంతో ఒకదానికొకటి కలుపుతోంది. ఒక్కో కణుపూ పూర్తయ్యాక తోకని పైకెత్తి ఊపి చూస్తోంది. ఐదో కణుపు దగ్గర తోక కర్రలా బిగుసుకుంది. వెంటనే కుట్టు విప్పేసింది.

“బానే ఉన్నాది కద పిన్నీ, ఎందుకిప్పీడం?” అన్నాడు ఎదురుగా స్టూలు మీద కూర్చున్న వెంకీ.

“నీకు బానే ఉన్నాది. తోక్కి బాగోనేదు,” అంది లక్ష్మణమ్మ.

చీపురుపల్లి రైలు గేటుకి అవతల, వరి మళ్లకి వీపు పెట్టుకొని ఉంటుంది ఆమె కుట్టుమిషను కొట్టు. ఆమెకి కుట్టు ఎవరూ నేర్పలేదు. పదహారో ఏట తన రవికె ఒకటి పూర్తిగా విప్పేసి, ముక్కలన్నీ చాప మీద పరిచి, మళ్లీ కుట్టుకుంది. మొదటిసారి చెయ్యి పెట్టాల్సిన చోట తల పట్టింది. మూడోసారికి రవికె అయింది. చదువు రాదు కాబట్టి కొలతలు పుస్తకంలో రాయదు. ఒక్కో మనిషికి ఒక్కో పురికొస తాడు. భుజానికో ముడి, ఛాతీకో ముడి, నడుముకో ముడి. గోడకి వరసగా కొట్టిన మేకులకి ఊరి జనమంతా తాళ్లై వేలాడుతుంటారు. ఏ తాడు ఎవరిదో ఆమెకి తప్ప ఇంకొకరికి తెలియదు. మనిషి పోతే పదోరోజున ఆ తాడు తీసి, ముడులన్నీ విప్పి, సాపు చేసి దాచేస్తుంది. కొత్తగా పుట్టినవాళ్లకి పనికొస్తుందని.

ఈ వేసవిలో వడదెబ్బకి పోయిన గంగులు తాడు కూడా అలాగే విప్పేసింది. అయితే ఆ మేకుకి ఇంకో తాడు మిగిలి ఉంది.

గంగులు ఎవరో చెప్పాలి. వెంకీ అనే ఈ కుర్రాడు ఫోన్లో బొమ్మల కథలు గీసేవాడు. అందులో హీరో మిణుగురయ్య. చీకట్లో వెలిగి దొంగల్ని పడతాడు. విలన్ తేలుదొర. వీపు మీద తోక ఎత్తుకొని నడిచొస్తాడు. ఆ బొమ్మలు పుస్తకమై, ఆ పుస్తకం యూట్యూబులో రెండు గంటల సినిమా అయింది. మిణుగురయ్యని జనం వారం రోజుల్లో మరిచిపోయారు. తేలుదొరని మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. గైరమ్మ సంబరాల్లో పులివేషాలు తగ్గి తేలువేషాలు మొదలయ్యాయి. పెళ్లి ఊరేగింపుల్లో పెళ్లికొడుకు తమ్ముళ్లు అడుగు ముందు అడుగు వేసి, మెడ బిగించి, తేలుదొర నడక నడిచేవాళ్లు. ఆ తేలుదొర వేషం కుట్టింది లక్ష్మణమ్మ, కట్టింది గంగులు. రెండెకరాల రైతు. నవ్వితే రైలు గేటు దానంతటదే లేస్తుందని పేరు.

ఇప్పుడు రెండో భాగం తీయాలి. గంగులు లేడు. వేషమూ లేదు. చితి మీద తేలుదొరగానే పంపాలని అభిమానులు పట్టుబట్టి దాంతోనే పంపేశారు. ఆ రోజు వీపు మీద జిప్పు ఎంత లాగినా పడలేదు. పీనుగు ఉబ్బిపోయిందన్నారు అందరూ. లక్ష్మణమ్మ కొంగు నోట్లో కుక్కుకొని పక్కకి తిరిగింది. ఏడుపనుకున్నారు. ఆ జిప్పు గంగులు బతికుండగా కూడా పడేది కాదని తెలిసినవాళ్లు అక్కడ ఇద్దరే. ఒకరు లక్ష్మణమ్మ. రెండోది గంగులు పెళ్లాం చిన్నతల్లి.

సంగతి మొదటి భాగం తీసేటప్పుడు భావనపాడులో జరిగింది. సముద్రంలోంచి వచ్చే సన్నటి రాతిగోడ మీద తేలుదొర నడిచి రావాలి. ముందురోజు గంగులు పీతల కూర ఎంత తిన్నాడో, ఆ సాయంత్రం సరుగుడు తోటలోంచి బయటికి రాలేకపోయాడు. వెంకీ మైకులో అరుస్తున్నాడు, వెలుగు పోతంది మావా అని. గంగులు చెట్టు పట్టుకొని, అక్కలా చూసుకునే లక్ష్మణమ్మతో, “అప్పా, నన్ను సంపీసినా ఆ గోడెక్కలేను. సినిమా పోద్ది, నా పరువూ పోద్ది,” అన్నాడు. అన్నం క్యారేజీ తెచ్చిన చిన్నతల్లి అక్కడే నిలబడి ఉంది. లక్ష్మణమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. పది నిమిషాల్లో వేషాన్ని భుజాల దగ్గర నాలుగేసి వేళ్లు లోపలికి తీసి, ఆమెకి తొడిగింది. ఆ కొలతకి వేరే తాడు ముడులేసి తర్వాత గంగులు మేకుకే తగిలించింది. ఫోము పలకలూ ముసుగూ ఉన్నాక లోపల ఎవరైతేనేం?

ఉబాల రోజుల్లో, నాట్లు వేసే వేళ, వరినారు మోపు నెత్తిన పెట్టుకొని జానెడు గట్టు మీద నడిచిన మనిషి చిన్నతల్లి. గోడ ఎక్కి అదే నడక నడిచింది. మెడ కదలదు, భుజం కదలదు, అడుగు ముందు అడుగు. వెనక తోక మాత్రం ప్రాణమున్నట్టు ఊగింది. రాష్ట్రమంతా చూసింది ఆ నడకనే. ఆ తర్వాత వెంకీ ఎక్కడ సందు దొరికితే అక్కడ నడక పెట్టాడు. నడకలన్నీ చిన్నతల్లివి. నవ్వులన్నీ గంగులువి. సింహాసనం మీద కూర్చునే సీన్లకి గంగులే కూర్చున్నాడు. వెనక జిప్పు బార్లా తెరిచి ఉండేది. కెమెరా ముందునుంచే కదా!

“ఇది మన ముగ్గురి మజ్జే ఉండాల,” అని గంగులు లక్ష్మణమ్మ చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టించుకున్నాడు.

గంగులు పోయి పదోరోజు అయ్యాక చిన్నతల్లి కొట్టుకి వచ్చి గోడకి చేరబడి కూర్చుంది. “తేలుదొర్ని ఇంకెవుడికో ఇచ్చీస్తారా అప్పా?”

“ఇచ్చీస్తారు కావాల.”

“లోపల నడక నాది, బయట నవ్వు ఆడిది. ఇరవయ్యేళ్ల కాపరంలో తగువు నేకుండా ఇద్దరం కలిసి సేసిన పని అదొక్కటే. ఇంకోపాలి ఆ తోక ఎత్తుకోవాలనుంది. గాని నోరు తెరిసి అడిగితే ఆడి పరువు తీసినట్టవుతాది.” లేస్తూ, “నువ్వూ సెప్పకు,” అంది.

“నాకు మాటలేటొచ్చు? కుట్టడమే వచ్చు,” అంది లక్ష్మణమ్మ.

ఇదిగో, ఇప్పుడు ఎదురుగా వెంకీ. కొత్త తేలుదొర కోసం నెలరోజులుగా తిరుగుతున్నాడు.

“పిన్నీ, బొమ్మ మారిపోతే జనం తంతారు. భావనపాడు గోడ మీద నడిసినప్పుడు ఎలగున్నాడో అలగే ఉండాల. ఒక్క కుట్టు తేడా రాకూడదు. ముందు నువ్వది కుట్టు. అందులో పట్టినోడే తేలుదొర. ఆ కొలత ఉన్నాదా?”

లక్ష్మణమ్మ మేకుకి మిగిలిన తాడు వైపు చూసింది. “గోడ మీద నడిసినప్పటి కొలత. ఉన్నాది.”

“మరింకేటి, కానీ!”

వారం రోజులు మిషను చప్పుడు ఆగలేదు. మధ్యలో రోజుకొకడు వచ్చి పోయేవాడు. గంగులు మేనల్లుడు ఈశ్వర్ వచ్చి, మావ రక్తం నాలో ఉన్నాదన్నాడు. రక్తం కాదు, నవ్వు సూపించమంది లక్ష్మణమ్మ. నవ్వాడు. గుమ్మంలో గడ్డి మేస్తున్న మేక ఒకసారి తలెత్తి చూసి మళ్లీ మేయడం మొదలెట్టింది. ఆ తర్వాత మురళీమోహన్ వచ్చాడు. ఎయిర్‌పోర్టు వస్తుందని భోగాపురంలో ముందే జిమ్ము తెరిచిన మనిషి. చొక్కా గుండీలు అతని ఛాతీ ముందు దణ్ణం పెడుతున్నట్టున్నాయి.

“ఆంటీ, చేతుల కాడ కొంచెం వదులు పెట్టండి. కండలు తిరగాల కదా.”

“తేలుకి కండలేటి బాబూ? కొండే కదా ఉండేది,” అందామె, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఎనిమిదో రోజు పొద్దున్న వేషం సిద్ధమైంది. వెంకీ కెమెరాతో దిగాడు. కొట్టు వెనక మడిగట్టే భావనపాడు గోడ అనుకొని నడిపించి చూస్తానన్నాడు. టీ బడ్డీ దగ్గరి జనమంతా గ్లాసులతో సహా గట్టు చుట్టూ చేరారు. వానలు పడి నాలుగు రోజులే అయింది. గట్టు వెన్నపూసలా ఉంది. అవతల మడిలో ఉబాలు పడుతున్నాయి. ఆడవాళ్లు వంగి నాట్లు వేస్తున్నారు. వాళ్లలో చిన్నతల్లి కూడా ఉంది. ఒక్కసారి నడుమెత్తి చూసి మళ్లీ వంగింది.

మొదట ఈశ్వర్ తొడుక్కున్నాడు. పొట్ట దగ్గర ఆగిపోయింది. ఊపిరి బిగబట్టు అన్నాడు వెంకీ. బిగబట్టాడు. “నవ్వు” అన్నాడు. ఊపిరి బిగబట్టి నవ్వేసరికి పొట్ట మీద హుక్కు ఊడి టీ గ్లాసులో పడింది.

తర్వాత మురళీమోహన్. భుజాలు దూరనే లేదు. ఒక చేతికి తొడిగితే రెండోది బయటే. “ఇలగే నడిసీస్తాను సార్, ఎడిటింగులో కలుపుకోండి,” అని, వేషాన్ని ఒక భుజానికి తగిలించుకొని గట్టెక్కాడు. తోక ఈగలు తోలుకునే గేదె తోకలా కొట్టుకుంది. ఆరో అడుగుకి ఆరడుగుల మనిషీ మడిలో కూర్చున్నాడు. నాట్లు వేసేవాళ్లు అటువైపు తిరిగి మరీ నవ్వారు. లక్ష్మణమ్మ మాత్రం పరిగెత్తుకెళ్లి తోక తడవకుండా పైకెత్తి పట్టుకుంది.

వెంకీకి కోపం వచ్చింది. అందరి ముందూ అనేశాడు. “కొలత తప్పీసినావు పిన్నీ. గంగులు మావ నిండైన మనిషి. ఇది ఆడికి సగం ఉన్నాది. పెద్దదానివైపోనావు, సెయ్యి పడిపోనాది. విజయనగరంలో ఎవుడి సేతైనా కుట్టించుకుంటాను.”

టీ బడ్డీ జనం గొణుక్కున్నారు. చూపు తగ్గిందేమో అన్నాడొకడు. పాపం అన్నాడింకొకడు. నలభయ్యేళ్లలో లక్ష్మణమ్మ కొలత తప్పిందన్న మాట ఆ గేటు దగ్గర ఎవరూ అనలేదు. ఒక్క ముక్క చెబితే చాలు, నోళ్లన్నీ మూతపడతాయి. ఆ ముక్క ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. గంగులు చెయ్యి తన చేతిలో ఉన్నట్టే అనిపించింది. మింగేసింది. చీర కొంగుతో తోక మీది బురద తుడుస్తూ కూర్చుంది.

మడిలో చిన్నతల్లి నారు కట్ట కింద పడేసింది. మోకాళ్ల దాకా బురదతో గట్టెక్కి నేరుగా వచ్చింది.

“ఒరే వెంకీ, మా అప్ప కొలత తప్పిందంటే నీ నోట్లో పురుగులు పడతాయి. ఇలగియ్యి అప్పా. తేడా ఎక్కడున్నాదో ఒంటి మీదేస్తే గాని తెల్దు. కొక్కేనికి తగిలించే బదులు నాకు తొడిగినావనుకో.”

“ఒద్దులేవే,” అంది లక్ష్మణమ్మ మెల్లగా.

“ఇమ్మంతన్నాను కదా!”

కాళ్లు కడుక్కొని కొట్టు పరదా వెనక్కి వెళ్లింది. వెనకే లక్ష్మణమ్మ వెళ్లింది. జిప్పు ఒక్కసారికే కిందినుంచి పైదాకా చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయింది. ఆ చప్పుడు బయటికి వినిపించింది.

తేలుదొర బయటికొచ్చి గట్టెక్కాడు.

అడుగు ముందు అడుగు. మెడ కదల్లేదు. నెత్తి మీద నిండు కుండ ఉన్నట్టే ఉంది. వెనక తోక ఒక పక్కకి వంగి, ఆగి, ఇంకో పక్కకి వంగింది. చివర కొండి ఎవర్ని కుట్టాలా అని వెతుకుతున్నట్టు తిరిగింది. గట్టు చివరిదాకా వెళ్లి, వెనక్కి తిరిగి, అదే నడకతో వచ్చింది. టీ చల్లారిపోతున్నా ఎవరూ తాగలేదు. వెంకీ ఆ నడకని ఎడిటింగులో వెయ్యిసార్లు చూసినవాడు. చెప్పుల్లోకి బురద పోతున్నా కదలకుండా నిలబడిపోయాడు. తర్వాత తేలుదొర దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాడు.

“అత్తా... భావనపాడు గోడ మీద...”

“ఆ గోడ మీద నడిసింది తేలుదొర,” అంది ముసుగులోంచి గొంతు. “నీకేటి కావాల? తేలుదొరా, ఆడి ఆధార్ కార్డా?”

వెంకీ లక్ష్మణమ్మ వైపు తిరిగాడు. “పిన్నీ, నీకు తెలుసు కదూ?”

“నన్నేటి కుట్టమన్నావు? గోడ మీద నడిసినప్పటిదే కావాల, ఒక్క కుట్టు తేడా రాకూడదన్నావు. తేడా వచ్చిందేటి?”

“రానేదు.”

“సెయ్యి పడిపోనాదా?”

“తప్పయిపోనాది పిన్నీ.” వెంకీ బురదలోనే వంగి ఆమె కాళ్లు పట్టబోయాడు.

“బురద నాకెందుకంటిస్తావు, లెగు. ఈ మాట అందరికీ ఇనపడేటట్టు సెప్పు.”

చెప్పాడు. పిన్ని కొలత తప్పలేదని టీ బడ్డీదాకా వినిపించేలా చెప్పాడు. ఎందుకు తప్పలేదో మాత్రం చెప్పలేదు. చిన్నతల్లి ముసుగు తీయకుండానే షరతు పెట్టింది.

“పేరు మీ మావదే పడాల.”

“సచ్చిపోనాక కూడా నటించినాడంటే నమ్ముతారేటత్తా?”

“ఆడి నవ్వులు నీకాడ రికార్డులో బోలెడున్నాయి. నవ్వినోడి పేరెయ్యి. నడిసిందెవరని ఎవుడైనా అడిగితే, తేలు కుడతాదని సెప్పు.”

వెంకీ నవ్వాడు. మడి పక్కన ప్యాంటు పిండుకుంటున్న మురళీమోహన్ తలెత్తి, “మరి నా సంగతేటి సార్?” అన్నాడు.

“నీకూ ఉన్నాది వేషం. తేలుదొర పల్లకీ మొయ్యాల కదా. కండలు దానికే కావాల,” అన్నాడు వెంకీ.

జనం ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. చిన్నతల్లి వేషం విప్పి ఇచ్చింది. లక్ష్మణమ్మ తోకని ఒళ్లో పెట్టుకొని కణుపు కణుపూ తడిమింది. మురళీమోహన్ పడ్డప్పుడు ఐదో కణుపు దగ్గర ఒక కుట్టు వదులైంది. విప్పి మళ్లీ వేసింది. పైకెత్తి ఊపింది. ఊగింది. దారం పంటితో కొరికింది.

వేషాన్ని పాత పంచెలో చుట్టి, మధ్యలో వేపాకు పెట్టి, మూట కట్టింది. మేకు మీది తాడుని ఒకసారి సరిచేసింది.

“తోక మడత పెట్టకు. ఏలాడదియ్యి. తడిస్తే ఎండలో ఎయ్యకు, రబ్బరు బిగుసుకుపోద్ది.”

“అలగే అప్పా.”

చిన్నతల్లి మూట అందుకొని నెత్తిన పెట్టుకుంది. చెయ్యి ఆన్చలేదు.