భుజం మీద రెండు

కాజాలు, గుండీలు కుట్టడంలో ఆవిడకు సాటి లేదు కాబట్టి వీధిలో అందరికీ ఆవిడ గుండీల పిన్ని. చదువు పదో తరగతితో ఆగిపోయినా చేతిరాత మాత్రం ముత్యాల కోవ. ఆ రాత గురించి విని మేడ మీది వాటా అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. ఆ పిల్లకు పుట్టుకతోనే చూపు లేదు. ఇంటర్ రసాయనశాస్త్రం పరీక్షలో తను చెబుతుంటే రాసిపెట్టే మనిషి కావాలి.

"రసాయనశాస్త్రం నాకేం తెలుసు తల్లీ?"

"తెలియనివాళ్లే రాయాలట పిన్నీ. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తే చాలు."

కాలేజీలో నమూనా పరీక్ష పెట్టారు. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమోనియా అయ్యే చర్యకు సమతాస్థితి స్థిరాంకం, అంటే ఏర్పడింది గీత పైన, కలిసినవి గీత కింద ఉండే భిన్నం, రాయమన్నారు. అమ్మాయి గడగడా చెప్పింది: "పైన అమోనియా, మీద రెండు. కింద నైట్రోజన్, పక్కన హైడ్రోజన్, మీద మూడు." పిన్ని పొల్లుపోకుండా రాసింది.

దిద్దిన లెక్చరర్‌కు నవ్వాగలేదు. "అమోనియా రెండుని టోపీలా పెట్టుకుందేమిటండీ? ఈ మూడేమో గీతకు అతుక్కుపోయింది. పైదో కిందిదో ఎలా తెలుస్తుంది?" అంటూ సున్నా చుట్టి, పక్కనే సరైన జవాబు రాసిచ్చాడు.

ఇద్దరూ ఇల్లు చేరారు.

"నేను సరిగ్గానే చెప్పాను," అంది అమ్మాయి మెట్ల దగ్గర.

"నువ్వు చెప్పిందే రాశాను."

"మరి మార్కులు ఎవరు తిన్నారు?"

పిన్నికి మనసు చివుక్కుమంది. వేరే మనిషిని చూసుకోమందామని నోటిదాకా వచ్చింది, మింగేసింది. మర్నాడు కింద దుకాణంలో మిషను తొక్కుతుంటే ఒక అనుమానం తొలిచింది. పైకి వెళ్లి అడిగేసింది.

"అసలు కాగితం మీద ఇది ఎలా ఉంటుందో నీకు తెలుసా?"

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "మా చుక్కల లిపిలో అన్నీ ఒకే వరుసలో వస్తాయి పిన్నీ. దేన్ని దేనితో భాగించాలో తెలుసు. ఆకారం ఎవరూ చెప్పలేదు."

పిన్ని కాలర్లలో వేసే గట్టి గుడ్డ తీసి, లెక్చరర్ రాసిచ్చిన జవాబు చూస్తూ లావు దారంతో మొత్తం కుట్టింది. అమ్మాయి వేళ్లతో తడిమింది. గీత చివరిదాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది.

"ఈ రెండు నెత్తిన లేదు కదా. భుజం మీద ఉంది."

"ఆ ముక్క ముందే అనుంటే నేనూ భుజం మీదే పెట్టేదాన్ని."

ఇద్దరూ పగలబడి నవ్వారు. అప్పటినుంచి ఘాతమైతే భుజం, ఫార్ములాలో చిన్న అంకె అయితే పాదం, గీతకు పైనంతా మేడ, కిందంతా నేలవాటా. పిన్ని కాజాలు కుడుతుంటే అమ్మాయి పక్కన కూర్చుని ఆ భాషలోనే పాఠమంతా అప్పజెప్పేది.

అసలు పరీక్షలో సున్నపురాయిని కాల్చే చర్యకు స్థిరాంకం అడిగారు. "కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే. మేడా లేదు, నేలవాటా లేదు," అంది అమ్మాయి. పిన్ని కలం ఆగింది. ప్రశ్నలో మూడు పదార్థాలున్నాయి. అడగడానికి లేదు. చెప్పింది చెప్పినట్టు రాసింది.

బయటికి రాగానే, "రాయీ సున్నం ఏమయ్యాయే?" అంది.

"ఘనపదార్థం ఎంతున్నా దాని గాఢత మారదు పిన్నీ. అందుకే వాటిని రాయరు."

"అమ్మయ్య. మర్చిపోయావేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి."

అమ్మాయి ప్రథమ శ్రేణిలో పాసై డిగ్రీలో చేరింది. ఆ మాట నలుగురి నోటా పడి, ఇప్పుడు ఇంకో ఇద్దరు పిల్లలు పిన్నిని వెతుక్కుంటూ వస్తున్నారు. పరీక్షల రోజుల్లో పొద్దునపూట దుకాణం మూసే ఉంటుంది. చొక్కా ఏదని ఎవరైనా సణిగితే, "సాయంత్రం రండి, నాకు పరీక్షలు," అంటుంది.