దొంగ గురక

మా బావ గురక మొదలుపెడితే ఎదురింటివాళ్ళు టీవీ సౌండు పెంచుకునేవాళ్ళు. అబద్ధమాడితే నా కళ్ళు పోతాయ్. అదేం గురకండీ బాబూ, రేకుల మీద బండరాళ్ళు దొర్లించినట్టు! మా అక్క మాత్రం పెళ్ళయిన నాటినుంచీ ఆ హోరు పక్కనే చంటిపిల్లలా నిద్రపోయేది. "నీవి చెవులా, చెక్కముక్కలా?" అంటే, "ఆ చప్పుడు లేకపోతే నాకు నిద్రే పట్టదే" అని సిగ్గుపడేది. ఈ వయసులో సిగ్గొకటి!

బావ పరుపులు కుట్టేవాడు. ఇంట్లో ముందుగదే కొట్టు. ఒక మూల దూది ఏకే మిషను, ఇంకో మూల నా కుట్టుమిషను. నేను గుడ్డ సంచులు కుట్టి ఇస్తే ఆయన దూది కూరి, దబ్బనంతో అంచులు బిగించేవాడు. పరుపు తయారయ్యాక దానిమీద ఓసారి పడుకుని, ఎక్కడైనా ఉండ తగిలితే అక్కడ విప్పి మళ్ళీ సర్దేవాడు. చేతికి తెలియదట, వీపుకే తెలుస్తుందట. అలా పడుకున్నవాడు అక్కడే నిద్రపోయేవాడు. కొనడానికొచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు, "ఇంకేం చూడక్కర్లేదమ్మా, కుట్టినాయనే ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడు!" అని. నేనూ నవ్వేదాన్ని.

నవ్వడానికేముంది? ఏళ్ళ తరబడి పీల్చిన దూది నుసి ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. పైగా సిగరెట్లొకటి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పొద్దున లేస్తే దగ్గు, కఫం, తల బద్దలయ్యే నొప్పి. దబ్బనం చేత్తో పట్టుకునే తూగిపోయేవాడు. "రాత్రంతా గుర్రుపెట్టి పడుకుని పగలు మళ్ళీ ఈ కునుకులేంటి బావా?" అని ఆటపట్టించేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం కొత్త పరుపు మీద ఆయన గురక ఠక్కున ఆగింది. హమ్మయ్య అనుకున్నా. ఎందుకో తలెత్తి చూశాను. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది గానీ ముక్కులోంచి గాలి లేదు. పెదాలు నల్లబడ్డాయి. "బావా!" అని నేను అరిచేలోపు గక్కున ఊపిరి లాగి మళ్ళీ గురక అందుకున్నాడు. ఆ సాయంత్రమే అక్కా నేనూ ఆయన్ని ఆసుపత్రికి లాక్కెళ్ళాం.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి విషయం చెప్పింది. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందట, మళ్ళీ మళ్ళీ. ఊపిరితిత్తులు బాగున్నవాళ్ళకి కూడా అది ప్రమాదమే, ఈయనకి అసలే సగం పాడయ్యాయి కాబట్టి ఆగినప్పుడల్లా ఒంట్లో ఆక్సిజన్ దారుణంగా పడిపోతోందట. "గురకంటే మంచి నిద్ర అనుకోకండి. గురక మధ్యలో చప్పుడు ఆగిందంటే ఊపిరి ఆగినట్టే" అని అక్కతో గట్టిగా చెప్పింది. రాత్రిళ్ళు ముక్కుకి మాస్కు తగిలించి గాలి పంపే మిషను రాసిచ్చి, ఒక్క పూట కూడా మానొద్దంది.

మిషను వచ్చింది, గురక పోయింది. బావ తలనొప్పి లేకుండా లేచి, "మరదలా, మళ్ళీ పెళ్ళికొడుకునయ్యానే" అన్నాడు. "చాల్లే సంబడం" అన్నాను గానీ లోపల ఎంత సంతోషమో.

అక్కకి మాత్రం నిద్ర ఎగిరిపోయింది. చప్పుడు ఆగితే ఊపిరి ఆగినట్టేనన్న మాట దాని బుర్రలో మేకులా దిగిపోయింది. మాస్కు ఉన్నప్పుడు చప్పుడు లేకపోవడమే మంచిదని డాక్టరమ్మ మళ్ళీ చెప్పింది, నేనూ నోరు నొప్పెట్టేలా చెప్పాను. తల ఊపేది. పక్క ఎక్కితే మామూలే. "ఏమండీ, ఉన్నారా?" అని ఆయన్ని కుదిపి కుదిపి లేపేది. ఆయనకీ నిద్ర లేదు, దానికీ లేదు. నా గదిలో పడుకోవే అంటే, "ఆయన్నొదిలేసా?" అని ఏడ్చేది. కళ్ళు గుంటలు పడ్డాయి. ఓ పొద్దున పొయ్యి దగ్గర తూలి చెయ్యి కాల్చుకుంది. ఆ బొబ్బకి బావే మందు రాశాడు.

తర్వాత అక్క ఉన్నట్టుండి తేరుకుంది. "మాస్కుకి అలవాటు పడ్డారే, ఇప్పుడు దాన్లోంచే గురక వస్తోంది" అంది మురిసిపోతూ. నాకు అనుమానం వచ్చి బావని కొట్లో నిలదీశాను. ఆయన దబ్బనంలో దారం ఎక్కిస్తూ నవ్వాడు.

"దొంగ గురకే మరదలా. మీ అక్క నిద్రపోయేదాకా మాస్కు చేత్తో పట్టుకుని గుర్రుపెడతాను. అది పడుకోగానే తగిలించుకుంటాను."

"నీకే ముందు నిద్ర ముంచుకొస్తేనో?"

"రానిస్తానా?"

"దబ్బనం పట్టుకుని తూగే మనిషివి, నువ్వా రానివ్వనిది? ఇప్పుడే అక్కతో చెప్తానుండు."

"చెప్తే మళ్ళీ మేలుకుని కూర్చుంటుందే. దాని చెయ్యి మానేదాకా ఆగు. నా తల్లివి కదూ!"

ఎంత కోపం వచ్చిందో అంత జాలీ వేసింది. చెయ్యి మానిన రోజే చెప్పేస్తానని ఆయన మొహం మీదే అన్నాను. ఆ వారమే ఆయనకి జలుబు చేసి ఛాతీ పట్టేసింది.

ఓ పొద్దున వంటింట్లోకి వెళ్తే అక్క కాఫీ కలుపుతోంది. మొహం కళకళలాడుతోంది. "రాత్రి ఎంత బాగా గురక పెట్టారనుకున్నావ్! నేనూ ఒళ్ళెరక్క పడుకున్నా. మాస్కులోంచి బుస్సుమని వినిపిస్తూనే ఉంది, లేపకూడదని చీకట్లోనే మెల్లిగా లేచొచ్చేశాను. ఇంక నువ్వెళ్ళి లేపు, చల్లారిపోతుంది."

వెళ్ళాను. బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. మిషను ఆడుతూనే ఉంది. మాస్కు ఆయన గుప్పిట్లో ఉంది, అందులోంచి గాలి దుప్పటి మీదకి బుస్సుమని పోతోంది. చెయ్యి ముట్టుకుంటే చల్లగా తగిలింది.

అక్కని పిలవబోయాను. ఆగిపోయాను. బిగుసుకున్న ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పాను. మాస్కు తీసి ఆయన ముక్కుకి తగిలించి, పట్టీలు తల వెనక్కి సర్దాను. జారిపోతే మళ్ళీ పెట్టాను. "ఎంత పని చేశావు బావా, దుర్మార్గుడా" అని చెవిలో తిట్టాను. అప్పుడు పిలిచాను అక్కని.

అది ఆయన మీద పడి గుండెలు బాదుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఆఖరికి తలెత్తి నన్నడిగింది.

"రాత్రంతా మాస్కు పెట్టుకునే ఉన్నారు కదే?"

"పెట్టుకునే ఉన్నాడక్కా" అన్నాను.

చెయ్యి చాచి మిషను ఆపేశాను.